మన పెట్టెలో చదివే హక్కెవరికి? చెరిపే హక్కెవరికి?

"ఉద్యమం రికార్డంతా మా ఇంట్లో భద్రంగా ఉంది" అని చెప్పుకునే పెద్దలు జగ్గయ్యపేటలోనూ ఉన్నారు, నందిగామలోనూ ఉన్నారు. పూర్వం ఇనప బీరువా చూపించేవాళ్లు. ఇప్పుడు రౌటర్ పక్కన పచ్చ లైటు మినుకుమినుకుమంటున్న నల్ల పెట్టె చూపిస్తున్నారు. బీరువాకి తాళం ఉండేది, పెట్టెకి పాస్‌వర్డు ఉంది. తాళం చెవి ఆయన మొలతాడుకి వేలాడేది. పాస్‌వర్డు ఆయన కొడుక్కి తెలుసు, కొడుకు హైదరాబాదులో ఉద్యోగం. ఇంక మన రికార్డు ఎవరి దగ్గర ఉన్నట్టు?

ఈ మాట రాస్తే కొందరికి కోపం వస్తుందని తెలుసు. "పెత్తందారులతో కొట్లాడాల్సింది పోయి మనలో మనకే తగువు పెడతావేంది మాస్టారూ" అని ఇప్పటికే ఒకాయన అన్నాడు. తగువు నేను పెట్టింది కాదు. లోపలికి పోయే దారి మూసినవాళ్లు పెట్టింది.

ముందు ఆ పెట్టె ఏందో చెప్పుకుందాం. తెలిసినవాళ్లు ఈ పేరా దాటెయ్యండి. హార్డ్‌డిస్కును కంప్యూటర్‌కి తగిలిస్తే ఆ ఒక్క కంప్యూటరే దాన్ని చూస్తుంది. అదే డిస్కును చిన్న పెట్టెలో పెట్టి, పెట్టెను తీగతో ఇంటి రౌటర్‌కి తగిలిస్తే ఆ ఇంటి వైఫైలో ఉన్న ప్రతి ఫోనూ, ప్రతి ల్యాప్‌టాపూ దాన్ని చూడొచ్చు. అందులో పెట్టొచ్చు, అందులోంచి తీసుకోవచ్చు. నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజి అంటారు, పొట్టిగా నాస్. సైనాలజీ, క్యూనాప్ లాంటి కంపెనీల పెట్టె కొంటే డిస్కులతో కలిపి చాలా డబ్బవుతుంది. అంత అక్కర్లేదు. మూలన పడున్న పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, రెండు కొత్త డిస్కులు పెడితే అదే పని చేస్తుంది. ఇంటర్నెట్ పోయినా పని ఆగదు, ఫైళ్లు ఇల్లు దాటి పోవు గనక.

ఇంత చిన్న వస్తువు గురించి ఉద్యమ పత్రికలో రాయాలా అంటే, రాయాలి.

కంచికచర్ల మనకెంత దూరం? నందిగామలో బస్సెక్కితే అరగంట. 1968లో అక్కడ కోటేశు అనే దళిత యువకుడికి దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. ఆ పేరు తెలియని దళిత కార్యకర్త ఆంధ్రదేశంలో ఉండడు. ఉపన్యాసాల్లో ఉంది, కవిత్వంలో ఉంది. అదే కంచికచర్ల బిడ్డ, కవి కలేకూరి ప్రసాద్ ఆ పేరును తన పేరుగా చెప్పుకుని రాశాడు, 2013లో వెళ్లిపోయాడు. నేనడిగేది వేరే ప్రశ్న. ఆ కేసు కాగితాల నకలు మన మండలాల్లో ఏ దళితుడి ఇంట్లో ఉంది? అప్పటి పత్రికల కత్తిరింపులు ఎవరి దగ్గరున్నాయి? ఆ రోజులు చూసిన ముసలివాళ్ల మాటలు ఎవరన్నా టేపు చేశారా, చేస్తే ఆ టేపేదీ? అడిగిన ప్రతిచోటా ఒకటే జవాబు. "ఉండాలయ్యా, ఫలానా ఆయన దగ్గర." ఫలానా ఆయన చనిపోయాడు. పిల్లలు ఇల్లు అమ్ముకుని పోయారు. కాగితాలు పాతపేపర్ల వాడి తక్కెట్లోకి పోయినై. కలేకూరి పత్రికల్లో అచ్చేసినవన్నీ ఒక్కచోట కూర్చోబెట్టి చదువుదామని ప్రయత్నం చేసి చూడండి, నా బాధేందో తెలుస్తుంది.

మన ప్రాంతానికి ఇది కొత్తా? జగ్గయ్యపేట బౌద్ధ స్తూపాన్ని 1882లో బర్జెస్ దొర తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి శిల్పం పలక మద్రాసు ఎగ్మోరు మ్యూజియంలో ఉంది. పేట పిల్లవాడు తన ఊరి చక్రవర్తిని చూడాలంటే రైలెక్కాలి. భద్రంగానే ఉంది, ఎవరూ కాదనరు. భద్రం వేరు, అందటం వేరు.

"సర్కారు దగ్గర ఉంటాయిలే" అని నిమ్మకు నీరెత్తినట్టు కూర్చునేవాళ్లకి ఇంకో ముచ్చట. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసు తగలబడింది, భూముల ఫైళ్లు కాలిపోయినై. ఎవరు చేశారన్నది విచారణ చేసేవాళ్లు తేలుస్తారు. డి-ఫారం పట్టా, అడంగల్, పాత శిస్తు రసీదు స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టుకున్న దళిత రైతు, ఆ వార్త విని లేచి ఇంకో ఆఫీసు మెట్లెక్కగలడు. ఏమీ లేనివాడు ఎవరి కాళ్లు పట్టుకోవాలో వెతుక్కుంటాడు.

ఇక కుర్రకారు వాదన. "ఈ పెట్టెలూ తీగలూ ఎందుకు సార్, గూగుల్‌లో పడేస్తే పోలా, ఫ్రీ గదా" అంటారు. ఫ్రీ ఎంత? 15 జీబీ. ఫోటోలకి లెక్కలేని ఉచితం అన్న పథకం 2021 జూన్ 1తో ఆపేశారు. మెయిలు, ఫోటోలు, డ్రైవు అన్నీ కలిపి ఆ పదిహేనులోనే సర్దుకోవాలి. అంతకంటే పెద్ద సంగతి: రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను సరుకుతో సహా తీసేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మన కార్యకర్త గుండెపోటుతో పోతాడు. ముప్పై ఏళ్ల సభల ఫోటోలు ఆయన జీమెయిల్లో ఉంటాయి. పాస్‌వర్డు ఆయనతోనే మట్టిలో కలుస్తుంది. రెండు వర్ధంతులు చేస్తాం, దండలేస్తాం. ఈలోపు ఎక్కడో అమెరికా వాడి యంత్రం ఆ ముప్పై ఏళ్లనీ తుడిచేస్తుంది. కుట్ర కూడా కాదు, నియమం.

వాట్సాప్ సంగతి సరే సరి. అది ఫోటోని కుదించి పంపుతుంది. ఎప్పుడు తీశారు, ఎక్కడ తీశారు, ఏ ఫోనుతో తీశారు అని ఫోటో కడుపులో దాగుండే వివరాలను కోసేస్తుంది. పూర్తి ఫైలు పోవాలంటే డాక్యుమెంటుగా పంపాలి. ఈ ఒక్క ముక్క మన గ్రూపుల్లో ఎంతమందికి తెలుసు? పల్లె మీద దాడి జరిగిన రాత్రి పిల్లాడు భయపడుతూ గోడ చాటు నుంచి తీసిన వీడియో పది గ్రూపులు తిరిగొచ్చేసరికి మొహాలు గుర్తుపట్టలేనంత మసకబారుతుంది. ఫోను నిండిందని వాడు అసలుది తీసేస్తాడు. మనకి మిగిలేది మసక.

కాబట్టి పెట్టె కావాలి, సొంత ఊళ్లో కావాలి. ఆ పెద్దలతో నాకు ఇక్కడిదాకా పేచీ లేదు. పేచీ అంతా తర్వాతే.

మహద్ చవదార్ చెరువు కథ మన వేదికల మీద ఎన్నిసార్లు చెప్పుకున్నాం! బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది, అంటరానివాళ్లు ప్రభుత్వ చెరువులు వాడుకోవచ్చని. మహద్ మునిసిపాలిటీ 1924లో సరేనంది. చెరువుంది, నీళ్లున్నాయి, తీర్మానముంది. దిగే దమ్ము ఎవరికీ లేకుండా చేశారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేల మందిని వెంటబెట్టుకుని పోయి దోసిట్లో తాగితే గానీ ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. తర్వాత దాడులు, మునిసిపాలిటీ వెనక్కి తగ్గటం, పదేళ్ల కోర్టు. 1937లో గానీ బొంబాయి హైకోర్టు తేల్చలేదు. ఈ కథ గొంతు చించుకుని చెప్పే మనిషే తన ఇంట్లో పెట్టెకి ఒక్క ఖాతా పెట్టుకుని, "కావాలంటే నన్నడగండి, చూసిస్తాను" అంటాడు. చూసి ఇవ్వటానికి నువ్వెవరివన్నా? ఆ ఫోటోల్లో జెండా పట్టుకున్నది మా అమ్మలు గాదా? లాఠీ దెబ్బ తిన్నది మా చిన్నాన్నలు గాదా?

బాబాసాహెబ్ కాగితాలకే ఈ గతి పట్టింది. 1956లో ఆయన పోయాక అచ్చుగాని రాతప్రతులు ఏళ్ల తరబడి ఢిల్లీలో కోర్టు కస్టడీ తాళం కింద ఉన్నాయి. మహారాష్ట్ర ప్రభుత్వం వసంత మూన్ సంపాదకత్వంలో మొదటి సంపుటం వేసింది 1979లో. ఇరవై మూడేళ్లు! ఆ ఇరవై మూడేళ్లలో చదువుకున్న మన తరం ఏం కోల్పోయిందో ఎవరు లెక్కగడతారు?

కొత్త పెట్టెకి ప్రాణం పోసేటప్పుడు దాని సెట్టింగుల తెర ఒక ప్రశ్న అడుగుతుంది. ప్రతి ఫోల్డరుకీ, ప్రతి మనిషి పేరుకీ ఎదురుగా గళ్లుంటాయి: ప్రవేశం లేదు, చదవటం మాత్రమే, చదవటం, రాయటం. ఆ గళ్లు మొదటిసారి చూసినప్పుడు నా చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది. మా నాయనకి సంతకం రాదు, వేలిముద్ర. మా తాత బడి అరుగు ఎక్కి ఎరగడు. "ప్రవేశం లేదు" అన్న గడిలో మనల్ని తరతరాలు కూర్చోబెట్టారు. చదివితే శిక్ష, వింటే శిక్ష అని రాసుకున్న శాస్త్రాలున్న దేశం ఇది. ఇవాళ ఆ గళ్లలో టిక్కు పెట్టే చెయ్యి మనదయ్యింది. అయితే మనమేం చేస్తున్నాం? అడ్మిన్ ఒక్కడు, మిగతా జనమంతా ప్రవేశం లేదు గడిలో! మనువు కంప్యూటర్ నేర్చుకుని వచ్చినా ఇంతకంటే ఏం చేస్తాడు?

నా ప్రతిపాదన ఇది. చదివే హక్కు సంఘంలో ప్రతి సభ్యుడికీ, ప్రతి సభ్యురాలికీ, ఎవరి పేరుతో వాళ్లకి ఖాతా పెట్టి ఇవ్వాలి. చదివే హక్కంటే నకలు తీసుకునే హక్కు కూడా, అందులో తిరకాసు వద్దు. రాసే హక్కు ఊరికి ఇద్దరికి. వాళ్లు తెచ్చినవన్నీ ముందు "వచ్చినవి" అనే ఫోల్డర్లో పడాలి. తేదీ, ఊరు, ఎవరు తీశారు అన్నది ఫైలు పేరులోనే రాసి తర్వాత లోపలికి చేర్చాలి. చెరిపే హక్కు మాత్రం ఏ ఒక్కడికీ వద్దు. పెట్టెలో రీసైకిల్ బిన్ తెరిచి ఉంచండి, స్నాప్‌షాట్ అనే సౌకర్యం ఉంటే పెట్టండి. ఎవరన్నా చెరిపినా నిన్నటి రూపం తిరిగొస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డు ఇద్దరికి తెలియాలి, మూడో ఇంట్లో కవర్లో పెట్టి అంటించి ఉండాలి. ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదు, ఒకే కులమూ కాకూడదు. ఎందుకో విడమర్చి చెప్పాలా? 1994 దండోరా నుంచి 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు దాకా మాల సంఘం వేసిన కరపత్రాలు మాదిగల దగ్గర లేవు, మాదిగ సంఘం వేసినవి మాలల దగ్గర లేవు. వాదన ఎవరిదైనా కానీండి, కాగితం రెండు పల్లెలదీ.

ఇంకో మాట. నేను చూసిన ఒక పెట్టె ఖాతాల జాబితాలో ఆడమనిషి పేరు ఒక్కటి లేదు. ఫోటోలు తెరిస్తే ముందు వరసంతా ఆడవాళ్లే. ఫోటో కింద పేర్లు మాత్రం వెనక నిలబడ్డ మగవాళ్లవి. ఆ పేర్లు రాయగలిగింది ఆ అక్కలే గదా, వాళ్లకి రాసే హక్కు ఇవ్వకపోతే ఎట్లా?

అన్నీ అందరికీ తెరిచెయ్యమని మాత్రం నేననను. అత్యాచారానికి గురైన ఆడపిల్లల పేరు, ఫోటో బయటపెట్టటం చట్టం ప్రకారం నేరం. చట్టం లేకపోయినా తప్పే. బాధిత కుటుంబాల వాంగ్మూలాలు, వైద్య కాగితాలు, సాక్షుల చిరునామాలు వేరే ఫోల్డర్లో పెట్టి, కేసు చూసే ఇద్దరికే తెరవండి. ఆ కుటుంబం అడిగితే నకలు ఇవ్వండి, తీసెయ్యమంటే తీసెయ్యండి. ఈ ఒక్కచోట చెరిపే హక్కు వాళ్లది.

"మాకు ఈ కంప్యూటర్ భాష తెలియదు, అందుకే మావాడికే వదిలేశాం" అనేవాళ్లున్నారు. తెలియనిదేం లేదు. బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి నేర్పినంత పని. ల్యాప్‌టాపులో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరవండి. పైన అడ్రసు పట్టీలో వెనక్కి వాలిన రెండు గీతలు కొట్టి పెట్టె నంబరు కొట్టండి, \\192.168.1.20 ఇట్లా. పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. ఇస్తే ఫోల్డర్లు తెరుచుకుంటాయి. ఎడమ పక్క నెట్‌వర్క్ గుర్తు కింద పెట్టె కనపడకపోతే లేదనుకోవద్దు, నంబరుతో పిలిస్తే పలుకుతుంది. ఆ నంబరు మారిపోతుంటే రౌటర్లో స్థిరం చేయించండి. ఐఫోనులో ఫైల్స్ యాప్‌లోనే సర్వర్‌కి కలిపే దారుంది. ఆండ్రాయిడ్‌లో ఎస్ఎంబి తెలిసిన ఫైల్ మేనేజర్ వేసుకోవాలి. ఇంటికొచ్చినవాళ్లకని పెట్టిన గెస్ట్ వైఫైలో ఉంటే చాలా రౌటర్లు పెట్టెను చూడనివ్వవు, అసలు వైఫైలోకి మారండి. విండోస్ 11లో 2024 అప్‌డేట్ వచ్చాక పేరూ పాస్‌వర్డూ లేకుండా గెస్టుగా తెరిచే పాత పద్ధతి చాలా కంప్యూటర్లలో ఆగిపోయింది. కొందరు షాపువాళ్లు దాన్ని తిరిగి తెరిచే కిటుకు చెబుతున్నారు. అక్కర్లేదు. మన పెట్టెలో మనం గెస్టులమేంది, ఎవరి పేరుతో వాళ్లం పోదాం.

పెద్ద మొత్తం ఫైళ్లు తెచ్చుకునేటప్పుడు వైఫైని నమ్ముకోవద్దు, తీగ పెట్టండి. రౌటర్ పాతదైతే సెకనుకి 11 ఎంబీ మించి రాదు. 500 జీబీ నకలుకి పన్నెండు గంటల పైన పడుతుంది. గిగాబిట్ రౌటర్, మంచి తీగ అయితే అదే పని గంటంపావులో తెములుతుంది. చిన్న చిన్న ఫోటోలు వేలల్లో ఉంటే మాత్రం రెండూ నత్తనడకే, తొందరపడొద్దు. ముఖ్యంగా కట్ అనే మాట మర్చిపోండి. కాపీ చేయండి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్యా సైజూ సరిచూడండి, నాలుగైదు తెరిచి చూడండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి చేయనక్కర్లేకుండా విండోస్‌లో రోబోకాపీ ఉంది, లినక్స్‌లో ఆర్‌సింక్ ఉంది. మిగిలినవే తెస్తాయి.

ఈ షాపువాళ్ల సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే మన రికార్డు ఎక్కువగా తగలబడుతున్నది వాళ్ల టేబుల్ మీదే. పెట్టె చచ్చిపోతుంది, డిస్కు బాగానే ఉంటుంది. డిస్కు ఊడదీసి షాపుకి పట్టుకెళతాం. వాడు విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తాడు. "ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని తెర అడుగుతుంది. వాడు అవునని కొడతాడు. అంతే, కొత్త డిస్కు లాగా శుభ్రం. ఆ పెట్టెలు చాలావరకు లినక్స్ పద్ధతిలో రాస్తాయి, విండోస్‌కి ఆ లిపి రాదు. తనకు చదవటం రాని ప్రతిదాన్నీ ఖాళీ అనుకునే అలవాటు ఈ దేశంలో విండోస్‌కొక్కదానికే లేదనుకోండి, అది వేరే సంగతి. ఆ ప్రశ్నకి వద్దు అని కొట్టండి. ఉబుంటును పెన్‌డ్రైవులో వేసి, దాంతో కంప్యూటర్ తెరిచి చూస్తే చాలాసార్లు ఫైళ్లన్నీ కనపడతాయి.

పదేళ్ల కిందటి పెట్టెలు కొన్ని ఎస్ఎంబి ఒకటో రకం భాష తప్ప మాట్లాడవు. విండోస్ 2017 చివర నుంచి ఆ భాషను మామూలుగా వెయ్యటం మానేసింది, కారణం ఉంది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఆ సందులోంచే దూరి ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం వేసి డబ్బులడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకీ పట్టింది. అట్లాంటి పాత పెట్టె మీ ఇంట్లో ఉంటే బాగుచేయటం మీద పెట్టే శ్రమ, లోపలున్నది బయటికి తెచ్చుకోవటం మీద పెట్టండి.

ఊరు దాటి ఉన్నవాళ్లు చూడాలంటే? రౌటర్‌కి బయటి తలుపు తెరిచి పెట్టమని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. 2021 ఏప్రిల్లో క్యూనాప్ పెట్టెల మీద, ఆ జూన్లో వెస్టర్న్ డిజిటల్ వారి పాత మై బుక్ లైవ్ పెట్టెల మీద ఇంటర్నెట్ నుంచే దాడి జరిగింది. మొదటివాటిలో ఫైళ్లకి తాళం వేశారు, రెండోవాటిలో జనం నిద్రలేచేసరికి పెట్టె ఖాళీ. అయినా మన ఊళ్లలో చాలా కనెక్షన్లలో పది ఇళ్లకీ కలిపి ఒకే బయటి అడ్రసు ఇస్తారు, తెరిచినా పని చేయదు. టెయిల్‌స్కేల్, వైర్‌గార్డ్ లాంటివి పెట్టించి, పేరున్నవాళ్లకే లోపలి దారి ఇవ్వాలి.

"పోలీసులొచ్చి పెట్టె ఎత్తుకుపోతే?" ఇది నిజమైన భయం, దీన్ని నవ్వి తీసెయ్యను. ఎల్గార్ పరిషత్ కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాపులోకి బయటినుంచి వైరస్ ద్వారా ఫైళ్లు చేర్చారని ఆర్సెనల్ అనే అమెరికా సంస్థ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఎన్ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. ఏళ్లు జైళ్లలో గడిచినై. మన పెట్టెలో ఏ తేదీన ఏముందో ఇంకొకచోట నకలు, జాబితా లేకపోతే "ఇది మేం పెట్టింది కాదు" అని ఏ మొహం పెట్టుకుని చెబుతాం? ఎవరు, ఎప్పుడు, ఏ ఫైలు తెరిచారు అని పెట్టె రాసుకునే లాగ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి పెట్టండి. ఒక్కడి చేతిలో ఉన్న పెట్టెకి సాక్షి లేడు.

సాక్ష్యం మాట వచ్చింది గనక చెబుతాను. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని నరికారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు సాక్ష్యాలు నిలవవని అందర్నీ వదిలేసింది. మనవాళ్ల కళ్లు చూసింది, నోళ్లు చెప్పింది చాలలేదు. ఇప్పుడు చేతిలో ఫోనుంది, కోర్టులు దానికీ ఒక పద్ధతి పెట్టాయి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద వీడియో నకలు కోర్టులో పెడితే ధ్రువపత్రం కావాలి. ఆ ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తేల్చే పొడుగాటి అంకెల వరస. ఫైల్లో ఒక్క చుక్క మారినా వరస మారిపోతుంది. ఫైలు వేలిముద్ర అనుకోండి. మన తాతల వేలిముద్రలు ఖాళీ కాగితం మీద వేయించుకుని పొలాలు రాయించుకున్నారు. ఈ వేలిముద్ర మనం వేయించేది.

అందుకని ఘటన జరిగిన రోజే ఆ ఫోను నుంచి తీగతో ల్యాప్‌టాపుకి, అక్కడినుంచి పెట్టెకి తెచ్చుకోవాలి. సెవెన్‌జిప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హ్యాష్ తీసి, తేదీ వేసి రిజిస్టర్లో సిరాతో రాసి, తీసినవాడితో సంతకం పెట్టించాలి. ఫోనులో అసలుది చెరపొద్దు. వీలైతే ఆ ఫోను అట్లాగే పక్కన పెట్టాలి. అట్రాసిటీ చట్టంలో 2016 జనవరి 26 నుంచి 15ఏ సెక్షన్ ఉంది, ఆ కేసుల్లో జరిగే ప్రొసీడింగ్స్ అన్నీ వీడియో తీయాలని. వాళ్లు తీయాల్సింది తీయమని నిలదీద్దాం, మనం తీసింది మనం కాపాడుకుందాం.

చివరగా మున్నేరు. 2023 జూలైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే వచ్చింది. 2024 సెప్టెంబరులో వరద ఈ ప్రాంతాన్నీ ముంచింది, బెజవాడలో బుడమేరు ఇళ్లకి ఇళ్లనే మింగింది. ఒకే పెట్టెలో రెండు డిస్కులుంటే రెండు నకళ్లని కొందరి ధైర్యం. ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. నీళ్లొస్తే, దొంగొస్తే, ఎవడన్నా తప్పు ఫోల్డరు చెరిపితే రెండూ ఒకేసారి పోతాయి. నందిగామలో ఒక నకలు, జగ్గయ్యపేటలో ఒక నకలు, మూడోది ఎక్కడికీ తగిలించకుండా డిస్కు రూపంలో ఇంకో ఇంట్లో.

రెండు ఊళ్ల మధ్య ఇంటర్నెట్లో పంపొద్దు. ఇంటి కనెక్షన్ 20 ఎంబీపీఎస్ వేగంతో రెండు టెరాబైట్లు ఎక్కించాలంటే తొమ్మిది రోజులు పైన. అదే డిస్కు చేతిసంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కితే గంట. 2025 ఆగస్టు 15 నుంచి అక్కచెల్లెళ్లకి టిక్కెట్టు కూడా లేదు. నెలకొకసారి డిస్కు మార్చే బాధ్యత వాళ్లకే ఇవ్వాలని నా పట్టు. దాంతో ఖాతాల జాబితా సంగతి కూడా దానంతటదే తేలుతుంది.

పెట్టె ఇంట్లో పెట్టుకున్న పెద్దలు రెండు ఊళ్లలో కలిపి నాకు తెలిసి ముగ్గురు. ఈ సంచిక ముగ్గురికీ నేనే చేతికిస్తాను. ఖాళీ డిస్కు, తీగ నేనే తెస్తాను, సంఘం నుంచి ఇద్దరు అక్కలు నాతో వస్తారు. వాళ్లు చేయాల్సిందల్లా పాస్‌వర్డు కొట్టి, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకోవటం.